ముందు నీళ్లు, తర్వాతే మందు
ఇంటి చేపల వైద్య ఉద్యమానికి వ్యవస్థాపక ప్రణాళిక

హైదరాబాద్, వరంగల్, విజయవాడ, విశాఖ, తిరుపతి ఊళ్లలో ఇంట్లో చేపలు పెంచుకునే కొందరం కూర్చుని మాట్లాడుకుని ఈ ప్రణాళిక రాసుకున్నాం. ఒకరి చేపకు జబ్బు చేస్తే ఇంకొకరిని అడుగుతూ పరిచయమైనవాళ్లం మేమంతా. మాలో గృహిణులున్నారు, ఉద్యోగులున్నారు, కాలేజీ పిల్లలున్నారు, ఒకప్పుడు చేపల దుకాణం నడిపినవారూ ఉన్నారు. సంఘానికి ఇంకా పేరు పెట్టలేదు. ఏం చేయాలో, ఏం చేయకూడదో ముందు తేల్చుకోవాలనుకున్నాం.

మేం చెప్పదలచింది ఒక్కటే. ఇంటి ట్యాంకులో జబ్బుపడే చేపల్లో ఎక్కువ భాగం మొదట నీళ్లు చెడి నీరసించినవే. రోగం ఆ నీరసం చూసుకుని వస్తుంది. కాబట్టి నీటిని పరీక్షించకుండా ట్యాంకులో ఏ మందూ పోయకూడదు. ఈ నియమాన్ని తెలుగు ఇళ్లలో పాటింపజేయడానికే ఈ ఉద్యమం.

ఎందుకు పూనుకున్నాం

"ముప్ఫై రూపాయల చేపకు వైద్యమేంటండీ, కొత్తది తెచ్చుకోండి." చేపలు పెంచేవాళ్లలో ఈ మాట వినని వాళ్లుండరు. మేం దీన్ని ఒప్పుకోం. 1960 నాటి జంతువులపై క్రూరత్వ నివారణ చట్టం మనిషి మినహా ప్రాణమున్న ప్రతిదాన్నీ జంతువుగానే లెక్కించింది. ఆ లెక్కలో గోల్డ్ ఫిష్ ఉంది, గప్పీ ఉంది. ఇంత ధర పలికితేనే జంతువు అనే షరతు చట్టంలో ఎక్కడా లేదు. చేపకు నొప్పి తెలియదనే మాట కూడా నిలవదు. ట్రౌట్ చేపల మూతి చుట్టూ దెబ్బనూ వేడినీ రసాయనాన్నీ పసిగట్టే నాడీ తంతువులున్నాయని 2003లో లిన్ స్నెడ్డన్, ఆమె సహచరులు ప్రయోగాలు చేసి చూపించారు.

ఇంకో నమ్మకం గురించి కూడా మాట్లాడాలి. ఇంట్లో చేప చచ్చిపోతే ఇంటికి రావలసిన కీడు అది తీసుకుపోయిందంటారు. వాస్తు కోసం ఫ్లవర్‌హార్న్‌నీ అరవానానీ తెచ్చుకున్న ఇళ్లలో ఈ మాట మరీ ఎక్కువ. దుఃఖంలో ఉన్నవారికి అది ఓదార్పే, ఎవరి నమ్మకాన్నీ కించపరచడం మా ఉద్దేశం కాదు. కానీ ఆ ఓదార్పుతో ప్రశ్న ఆగిపోతోంది. చేప ఎందుకు చచ్చిపోయిందని అడిగేవాళ్లు ఉండరు, నెల తిరక్కుండా అదే నీళ్లలో ఇంకో చేప చచ్చిపోతుంది. కారణం అడగడం అలవాటు చేయాలి.

నెలకోసారి కడుగుడు ఆగాలి

మన ఊళ్లలో ట్యాంకు చేపలకు అన్నిటికన్నా పెద్ద శత్రువు శుభ్రత పేరుతో జరిగే పని. నెలకోసారి మనిషి వస్తాడు. చేపల్ని బకెట్లోకి తీస్తాడు. నీళ్లన్నీ పారబోసి, రాళ్లు నల్లా కింద కడిగి, ఫిల్టర్ స్పాంజిని పిండి పిండి తెల్లగా చేసి, కొత్త నీళ్లు నింపి వెళ్తాడు. ట్యాంకు అద్దంలా మెరుస్తుంది. పది రోజులు తిరిగేసరికి చేప రెక్కలు ముడుచుకుని మూలకు చేరుతుంది.

అక్కడ జరిగింది ఇదీ. చేప ముఖ్యంగా మొప్పల గుండా అమోనియా వదులుతుంది. మిగిలిన మేత, రెట్ట కుళ్లి మరికొంత అమోనియా తయారవుతుంది. స్పాంజిలో, రాళ్ల మీద పెరిగే ఒక రకం బ్యాక్టీరియా ఈ అమోనియాను నైట్రైట్‌గా మారుస్తుంది, మరో రకం ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. మొదటి రెండూ విషం. మూడోది బాగా పేరుకుపోతే తప్ప పెద్దగా హాని చేయదు, వారం వారం కొంత నీరు మారిస్తే పోతుంది. ఈ బ్యాక్టీరియా కొత్త ట్యాంకులో కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. క్లోరిన్ ఉన్న నల్లా నీటితో స్పాంజిని కడిగిన రోజే ఆ బలగం చాలావరకు చచ్చిపోతుంది. నెలనెలా కడిగే ఇంట్లో అది పూర్తిగా కుదురుకునే రోజంటూ రాదు.

మన బోరు నీళ్లలో ఇంకో చిక్కుంది. చాలా చోట్ల అవి కఠినమైనవి, క్షార గుణం ఉన్నవి. అమోనియాలో విషంగా పనిచేసే భాగం పీహెచ్‌ను బట్టి మారుతుంది. 25 డిగ్రీల నీటిలో పీహెచ్ 7 ఉంటే మొత్తం అమోనియాలో విషపు భాగం ఒక శాతం కూడా ఉండదు. పీహెచ్ 8 అయితే అయిదు శాతం దాటుతుంది. మెత్తటి నీళ్లున్న ఊళ్లో చేప తట్టుకున్న మోతాదు మన బోరు నీళ్లలో దాని ప్రాణం తీస్తుంది. అయితే గప్పీలు, మోలీలు కఠినమైన నీటిని సులువుగా తట్టుకుంటాయి. మన నీళ్లకు తగిన చేపల్ని ఎంచుకుంటే సగం జబ్బులు దగ్గరికే రావు.

అందుకే మాలో చేరే ప్రతి ఒక్కరూ ముందు ఒప్పుకోవలసింది ఇది. ట్యాంకును పూర్తిగా ఖాళీ చేయం. వారానికి పాతిక శాతం నీరు మారుస్తాం. కొత్త నీటికి యాంటీ క్లోరిన్ చుక్కలు వేస్తాం, లేదా హైపో అని దొరికే సోడియం థయోసల్ఫేట్ వాడతాం. స్పాంజిని ట్యాంకు లోంచి తీసిన పాత నీటిలోనే రెండుసార్లు అద్ది తిరిగి పెడతాం. స్పాంజి గోధుమ రంగులో ఉంటే ఉండనివ్వండి, అది మురికి కాదు. నీళ్లు తీసేటప్పుడు పైపును నోటితో పీల్చడం కూడా మానేయాలి. చేపల్లో క్షయలాంటి జబ్బు తెచ్చే మైకోబాక్టీరియం మారినం మనిషి చర్మానికీ అంటుతుంది. చేతికి గాయముంటే తొడుగు లేకుండా ట్యాంకులో చెయ్యి పెట్టకండి.

కైకలూరు రైతు దగ్గర నేర్చుకుందాం

ఈ విద్య మనకు కొత్తది కాదు. కొల్లేరు చుట్టూ, కైకలూరు, ఆకివీడు, భీమవరం ప్రాంతాల్లో చేపల చెరువు రైతు తెల్లవారుజామున గట్టు మీద నిలబడి చూస్తాడు. చేప నీటి పైకొచ్చి నోరు తెరుస్తోందంటే ముందు ఏరియేటర్ తిప్పిస్తాడు, సీసాలో నీళ్లు పట్టి ల్యాబ్‌కు పంపిస్తాడు. పీహెచ్, అమోనియా, నీటిలో కరిగిన ఆక్సిజన్ తెలిశాకే మందు మాట. ఎకరాల చెరువులో రైతు చేసే ఈ పని, రెండడుగుల ట్యాంకు పెట్టుకున్న మనం చేయకపోవడానికి కారణమేమీ లేదు.

ఎండాకాలంలో ఈ చూపు మరీ అవసరం. 20 డిగ్రీల నీటిలో లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పడుతుంది, 30 డిగ్రీల్లో ఏడున్నరే. మే నెలలో మేడ మీద గదిలో ఉన్న ట్యాంకులో చేపలన్నీ పైకొచ్చి గుటకలు వేస్తుంటే అది రోగం కాకపోవచ్చు. ఎయిర్ పంపు పెంచి, మేత తగ్గించి, కొద్దిగా నీరు మార్చి చూడండి.

చేప ముడుచుకుంటే మేం పాటించే వరుస ఇది: చూడటం, పరీక్షించడం, నీరు మార్చడం, మళ్లీ చూడటం. చూడటమంటే మొప్పలు ఎంత వేగంగా కొట్టుకుంటున్నాయి, చేప రాళ్లకు ఒళ్లు రుద్దుకుంటోందా, మేత నోట్లోకి తీసుకుని ఉమ్మేస్తోందా, రెట్ట తెల్లటి దారంలా వేలాడుతోందా అని గమనించి కాగితం మీద రాయడం. ఫోన్‌లో ఫొటో తీయడం. అమోనియా, నైట్రైట్, పీహెచ్ కొలిచే కిట్ ప్రతి ఇంట్లో ఉండనక్కర్లేదు, అపార్ట్‌మెంటుకు ఒకటి చాలు. అమోనియా గానీ నైట్రైట్ గానీ కనబడితే సగం నీరు మార్చి, మర్నాడు మళ్లీ కొలవాలి. చాలాసార్లు వైద్యం అక్కడితో పూర్తవుతుంది. నైట్రైట్ ఎక్కువైతే చేప రక్తం గోధుమ రంగుకు తిరిగి ఆక్సిజన్ మోయలేకపోతుంది. అప్పుడు కొద్దిగా కల్లుప్పు కలిపితే అందులోని క్లోరైడ్ మొప్పల దగ్గర నైట్రైట్‌ను అడ్డుకుంటుంది. మన వంటింట్లో ఉన్న మందు అది.

వైట్ స్పాట్: తొందరపాటు పనికిరాని జబ్బు

చలికాలం మొదలై రాత్రి చలి పెరగగానే చేపల ఒంటి మీద పంచదార చల్లినట్టు తెల్ల చుక్కలు వస్తాయి. మన ఇళ్లలో అందరికీ తెలిసిన జబ్బు ఇదే. దీన్ని తెచ్చే ఏకకణ జీవిని 1876లో ఫ్రెంచి శాస్త్రవేత్త ఫూకే వర్ణించాడు, అంటే నూటయాభై ఏళ్లుగా మనిషికి తెలిసిన శత్రువు. అయినా చేపలు దీనితో చచ్చిపోవడానికి కారణం మందు లేకపోవడం కాదు, మందు ఎప్పుడు పనిచేస్తుందో తెలియకపోవడం.

చుక్కలో ఉన్న పురుగు చేప చర్మం కింద దాక్కుని తింటుంది. అక్కడున్నంత కాలం మందు దాన్ని తాకదు. ఎదిగాక రాలి అడుగున గూడు కట్టుకుంటుంది. ఆ గూడులోనూ మందు చేరదు. గూడు లోపల చీలిచీలి వందల పిల్లలై బయటికి ఈదుకొస్తుంది. ఆ పిల్లలు చేపను వెతుక్కుంటూ ఈదుతాయి, రెండు రోజుల్లోపు దొరక్కపోతే చస్తాయి. మందుకు చిక్కేది ఆ దశలోనే. రెండు రోజులు మందు వేశాక చుక్కలు రాలిపోతే జబ్బు తగ్గిందనుకుని ఆపేస్తాం. నిజానికి అవి పిల్లల్ని కనడానికి రాలాయి. వారానికి చేప ఒళ్లంతా చుక్కలే.

అందుకే ఇక్కడ ఓపికే వైద్యం. హీటర్‌తో నీటిని కొద్దికొద్దిగా, ఒకటి రెండు రోజుల్లో 30 డిగ్రీలకు తీసుకెళ్లాలి. వేడికి పురుగు జీవితచక్రం వేగంగా తిరిగి త్వరగా మందుకు దొరుకుతుంది. వేడి నీటిలో ఆక్సిజన్ తగ్గుతుంది కాబట్టి ఎయిర్ పంపు ఆగకూడదు. లీటరుకు రెండు గ్రాముల లెక్కన కల్లుప్పు, అది కూడా మూడు నాలుగు విడతలుగా. కోరిడోరాస్, లోచ్ లాంటి చేపలు ఉప్పును సరిగా తట్టుకోవు, వాటికి మోతాదు తగ్గించాలి. ఉప్పు ఆవిరై పోదు. మార్చిన నీటికి సరిపడా మాత్రమే మళ్లీ కలపాలి. మలకైట్ గ్రీన్ ఉన్న మందు వాడితే ఫిల్టర్‌లోని బొగ్గు తీసేయాలి, లేకపోతే మందంతా అది పీల్చేస్తుంది. చేతులకు తొడుగులు తప్పనిసరి. తినే చేపల్లో ఆ రసాయనాన్ని నిషేధించారంటే ఊరికే కాదు. చివరి చుక్క కనబడకుండా పోయిన తర్వాత కూడా నాలుగైదు రోజులు వైద్యం కొనసాగాలి.

వైట్ స్పాట్‌కు నీరు వేడి చేయమన్నామని ప్రతి తెల్ల మచ్చకూ హీటర్ పెట్టకండి. నోటి దగ్గర పత్తి పట్టినట్టు, వీపు మీద జీను వేసినట్టు పాలిపోయిన మచ్చ వస్తే అది చాలావరకు కాలమ్నారిస్ అనే బ్యాక్టీరియా పని. ఫంగస్ అని పొరబడతారు. అది వేడిలో విజృంభిస్తుంది, హీటర్ పెట్టిన మర్నాటికే చేప పోవచ్చు. ఒక జబ్బులో ప్రాణం నిలిపిన పద్ధతి ఇంకో జబ్బులో ప్రాణం తీస్తుంది. గుర్తించకుండా వైద్యం చేయొద్దని మేం పట్టుబట్టేది ఇందుకే.

క్యాప్సూల్ విప్పి పోయడం మానుకుందాం

రెక్కలు చివికినా, ఒళ్లు ఉబ్బినా, చేప పక్కకు ఒరిగినా మన దగ్గర ఒకటే మందు: మెడికల్ షాపులో టెట్రాసైక్లిన్ క్యాప్సూల్ కొని, విప్పి, నీళ్లలో పోయడం. దీన్ని మా ఉద్యమం పూర్తిగా వ్యతిరేకిస్తోంది.

మంచినీటి చేప నీళ్లు దాదాపు తాగదు. చుట్టూ ఉన్న నీరే దాని ఒంట్లోకి చొరబడుతూ ఉంటుంది, దాన్ని మూత్రంగా బయటికి తోయడమే దానికి పని. కాబట్టి నీటిలో కలిపిన మందు లోపలి జబ్బుకు చేరేది తక్కువ. పైగా టెట్రాసైక్లిన్ కాల్షియం, మెగ్నీషియంలతో కలిసిపోయి పనికిరాకుండా పోతుంది. మన బోరు నీళ్లలో ఉన్నవి సరిగ్గా ఆ రెండే. చేప బాగుపడదు, ఫిల్టర్‌లోని మంచి బ్యాక్టీరియా దెబ్బతింటుంది, అమోనియా లేస్తుంది. మిగిలిన మందు మోరీలోకి పోయి, మనుషుల జబ్బులు తెచ్చే సూక్ష్మజీవులకు కూడా ఆ మందును ఓడించడం నేర్పుతుంది. నిజంగా యాంటీబయాటిక్ కావలసిన చేపకు అది విడి టబ్బులో, వీలైతే మేతలో కలిపి, పశువైద్యుడు చెప్పిన మోతాదులో, చెప్పినన్ని రోజులు ఇవ్వాలి.

మోతాదు సరిగ్గా వేయాలంటే ట్యాంకు ఎన్ని లీటర్లో తెలియాలి. పొడవు, వెడల్పు, నీటి ఎత్తు సెంటీమీటర్లలో గుణించి వెయ్యితో భాగిస్తే లీటర్లు. 60, 30, 30 ఉంటే 54 లీటర్లు. రాళ్లకు కొంత తీసేయాలి. ఈ లెక్క రాని చోట మందు అందాజాగా పడుతుంది.

పోయే చేప గురించి

పొట్ట ఉబ్బి, పొలుసులు పైకి లేచి నిలబడే డ్రాప్సీని చాలామంది ఒక రోగమనుకుంటారు. అది చాలావరకు మూత్రపిండాలు చేతులెత్తేశాయని తెలిపే లక్షణం. ఆ స్థితికి చేరిన చేపల్లో ఎక్కువ భాగం బతకవు. ఆశ చూపి వారాల తరబడి మందుల్లో ముంచడం కన్నా నిజం చెప్పడం మంచిదని మా అభిప్రాయం.

ఇక లేవదని తేలిన చేపను బతికుండగా టాయిలెట్‌లో వదలడం, ఫ్రీజర్‌లో పెట్టడం క్రూరత్వం. లవంగ నూనెను కొద్ది నీటిలో బాగా గిలకొట్టి, చేప ఉన్న గిన్నెలో మెల్లగా కలిపితే ముందు మత్తు వస్తుంది. మోతాదు పెంచితే మొప్పలు ఆగుతాయి. ఆగాక కూడా ఇంకో పది నిమిషాలకు పైగా అందులోనే ఉంచాలి.

ఆరోగ్యంగా ఉన్న చేపనైనా, జబ్బు చేపనైనా చెరువులో వదలడాన్ని మేం ఎట్టి పరిస్థితిలోనూ సమర్థించం. ట్యాంకులో పాచి తింటుందని తెచ్చిన సక్కర్ ఫిష్ పెద్దదైతే చెరువుల్లోకి చేరుస్తున్నారు. తూర్పు కనుమల నీటి వనరుల్లో దాని ఉనికిని హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు గుర్తించారు. జాలరి వలలు చించుతున్నది ఇంట్లో పెంచిన చేప సంతతే.

దుకాణదారులతో

మీరు మాకు శత్రువులు కారు. చాలామంది మీ దగ్గరే చేపల మీద ప్రేమ పెంచుకున్నారు. చెన్నై కొళత్తూరు లాంటి చోట్ల నుంచి ఆక్సిజన్ సంచుల్లో ప్రయాణించి వచ్చిన చేప నలిగి ఉంటుందని మాకన్నా మీకే బాగా తెలుసు. అది వచ్చిన తేదీ తొట్టి మీద రాయండి, కనీసం వారం పది రోజులు ఆగి అమ్మండి. మందు సీసాల మీద రంగు పేరు కాకుండా లోపలి రసాయనం పేరు, గాఢత ఉన్న సరుకే పెట్టండి. చేప ఎంత పెరుగుతుందో చెప్పి అమ్మండి. షార్క్ అని మీరు అమ్మే వేలెడంత చేప, మన ఆంధ్ర చెరువుల్లో కిలోల లెక్కన పెరిగే పంగాసియస్. రెండడుగుల ట్యాంకులో దానికి జబ్బు రాకపోతేనే ఆశ్చర్యం. సూదితో రంగు ఎక్కించిన గ్లాస్ ఫిష్‌ను మా సభ్యులెవరూ కొనరు. ఫిల్టర్ లేని గాజు బుడ్డీలో గోల్డ్ ఫిష్‌ను పెట్టి ఇచ్చే వ్యాపారాన్నీ ఆపమని అడుగుతున్నాం.

ప్రభుత్వాలతో

ముత్తుకూరులో, పెబ్బేరులో మత్స్య కళాశాలలున్నాయి. చేపల జబ్బులు చదివిన పిల్లలు ఏటా బయటికి వస్తున్నారు. జిల్లా కేంద్రాల్లోని పశువైద్యశాలల్లో వారానికి ఒక పూట చేపల ఓపీ పెట్టండి, ఆ పిల్లలకు అక్కడ శిక్షణ ఇవ్వండి. ఆక్వా ల్యాబ్‌లు ఇంటి ట్యాంకు నమూనాను కూడా చిన్న రుసుముతో తీసుకునేలా చూడండి. చీటీ లేకుండా యాంటీబయాటిక్ అమ్మకూడదన్న నియమాన్ని చేప పేరు చెప్పినప్పుడు కూడా అమలు చేయండి. పెద్ద బడ్జెట్టు అక్కర్లేని కోరికలివి.

చేరదలచినవారికి

చందా లేదు. కొత్త చేపను కనీసం మూడు వారాలు విడి టబ్బులో ఉంచాకే ట్యాంకులో కలుపుతామని మాటివ్వాలి. పాతిక లీటర్ల ప్లాస్టిక్ టబ్బు, స్పాంజి ఫిల్టర్, మూత ఉంటే చాలు. పరీక్ష కిట్ ఉన్నవారు పక్కింటివారికి ఇవ్వాలి. చేప పోతే ఏం చూశారో, ఏం కొలిచారో, ఏం వేశారో తెలుగులో రాసి అందరితో పంచుకోవాలి. ఫలించని వైద్యం కూడా రాయాలి, ఇంకొకరి చేపకు అది పనికొస్తుంది.

ఈ వారమే మీ ట్యాంకు ఎన్ని లీటర్లో కొలవండి. ఒక సీసాలో నీళ్లు పట్టి అమోనియా చూడండి. నెలనెలా వచ్చే మనిషికి ఈసారి స్పాంజిని నల్లా కింద కడగొద్దని చెప్పండి. ఆ తర్వాత మాతో కలవండి.